ఒంట్లో ఫంగస్, కంట్లో మసక

ఆ సాయంత్రం మా బావగారు వరండాలో పేపరు చదువుతూ, మాటిమాటికీ మొహం ముందు చేయి ఊపుతున్నారు. "ఏమోయ్ మేనేజరూ, ఈ దోమలేమిటి, పేపరు మీదే తిరుగుతున్నాయి" అన్నారు. చూశాను. నాకు ఒక్క దోమా కనిపించలేదు. "నీరసం బావా. తిండి సరిగ్గా పడితే అదే సర్దుకుంటుంది" అన్నాను. పక్కనే ఉన్న అక్క కూడా అవునంది.

ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి అది ఎనిమిదో రోజు. 61 ఏళ్ళ మనిషి, 14 ఏళ్ళుగా షుగరు. పేగుకు రంధ్రం పడితే అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. 19 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, అందులో 8 రోజులు ఐసీయూలో. ప్రాణం దక్కిందన్న సంతోషంలో ఉన్న మాకు ఆ దోమల మాట చెవికెక్కలేదు. అవి దోమలు కావనీ, ఆయన రక్తంలో చేరిన ఒక ఫంగస్ కంటి లోపలి దాకా వెళ్ళిందనీ మరో తొమ్మిది రోజులకు గానీ తెలియలేదు. ఆ తొమ్మిది రోజుల ఆలస్యంలో నా వాటా కూడా ఉంది. మన ఇళ్ళల్లో ఐసీయూ చూడని కుటుంబం ఇప్పుడు తక్కువ. అందుకే అప్పుడు నేను తెలుసుకున్నది మన సిబ్బందికి చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇది బ్లాక్ ఫంగస్ కాదు

కంటికీ ఫంగస్‌కూ సంబంధం అనగానే మనకు 2021 గుర్తొస్తుంది. కోవిడ్ రెండో విడతలో బ్లాక్ ఫంగస్, అంటే మ్యూకార్‌మైకోసిస్, ఎన్నో కుటుంబాలను వణికించింది. ఆ ఏడాది మే నెలలో దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించమని కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు సూచించింది. ఆ ఫంగస్ సాధారణంగా ముక్కులోనూ, సైనస్ గదుల్లోనూ మొదలై, పక్కనున్న ఎముకను దాటుకుని కంటి గూట్లోకి వెళ్తుంది. మొహం వాపు, ముక్కు నుంచి నల్లటి స్రావం, కన్ను ముందుకు పొడుచుకు రావడం వంటి గుర్తులు పైకే కనిపిస్తాయి.

మన పల్లెల్లో ఎక్కువగా కనిపించేది ఇంకొకటి ఉంది. కోతల రోజుల్లో వరి ఆకో, ధాన్యపు పొట్టో కంట్లో గీసుకుని నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ వంటి ఫంగస్‌లు ఆ పుండులో చేరతాయి. అది బయటి నుంచి వచ్చే జబ్బు. పుండు తెల్లగా కనిపిస్తుంది, నొప్పి పెడుతుంది.

మా బావగారికి వచ్చింది ఈ రెండూ కాదు. దాన్ని డాక్టర్లు ఎండోజీనస్ ఎండాఫ్తల్మైటిస్ అంటారు. పేరు పెద్దదే కానీ అర్థం తేలిక: ఒంట్లో మరో చోట ఉన్న సూక్ష్మజీవి రక్తం వెంట వచ్చి కంటి లోపల వాపు పుట్టించడం. బాక్టీరియా వల్ల కూడా ఇది వస్తుంది. ఫంగస్ వల్ల వచ్చేవాటిలో ఎక్కువ భాగం క్యాండిడా అనే జాతి పనే. ఇక్కడ కన్ను జబ్బుకు పుట్టిల్లు కాదు. ఒంట్లో నడుస్తున్న జబ్బు కంట్లో బయటపడుతుందంతే.

ఫంగస్ రక్తంలోకి ఎలా వస్తుంది

క్యాండిడా మనకు కొత్త చుట్టమేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నోట్లో, పేగుల్లో, చర్మం మీద కూడా ఉంటుంది. చంటిపిల్లల నాలుక మీద తెల్లగా పెరుగు పొరలా కట్టేది ఇదే. పేగుల్లోని మంచి బాక్టీరియా దాన్ని అదుపులో ఉంచుతుంది. పేగు గోడ, చర్మం దాన్ని రక్తంలోకి వెళ్ళనివ్వవు. తెల్లరక్తకణాలు కాపలా కాస్తాయి.

పెద్ద జబ్బుతో ఆసుపత్రిలో చేరినప్పుడు ఈ మూడు కాపలాలూ ఒక్కసారే బలహీనపడవచ్చు. బలమైన యాంటీబయాటిక్స్ చాలా రోజులు వాడితే చెడు బాక్టీరియాతో పాటు మంచిదీ పోతుంది. ఖాళీ అయిన చోటంతా క్యాండిడా ఆక్రమిస్తుంది. పేగుకు రంధ్రం పడినా, పొట్ట ఆపరేషన్ జరిగినా అది గోడ దాటుతుంది. మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం, దాన్నే సెంట్రల్ లైన్ అంటారు, చర్మం మీది ఫంగస్‌కు నేరుగా దారి అవుతుంది. నోటితో తినలేని రోగికి రక్తనాళం ద్వారా పోషకాలు ఎక్కించడం, అదుపు తప్పిన షుగరు, స్టెరాయిడ్లు, కేన్సరు మందులు, డయాలసిస్ ఈ ముప్పును ఇంకా పెంచుతాయి. మా బావగారి విషయంలో ఇందులో ఐదు కలిశాయి: పేగు ఆపరేషన్, సెంట్రల్ లైన్, యాంటీబయాటిక్స్, నాళం ద్వారా పోషకాలు, షుగరు.

ఇవన్నీ ఆ సమయంలో ప్రాణం నిలబెట్టడానికి చేసినవే. ఆ గొట్టం లేకపోతే ఆయన బతికేవారు కాదు. కాబట్టి వైద్యాన్ని తప్పుపట్టడానికి నేనిది రాయడం లేదు. ప్రాణం కాపాడిన చికిత్సకు కూడా ఒక ముప్పు ఉంటుందనీ, రోగి ఇంటికి వచ్చాక కొన్ని వారాల పాటు దాన్ని కనిపెట్టుకుని ఉండాలనీ చెప్పడమే నా ఉద్దేశం.

క్యాండిడాలోనూ రకాలున్నాయి. పాశ్చాత్య దేశాల్లో ఆల్బికాన్స్ రకం ఎక్కువగా కనిపిస్తుంది. మన దేశపు ఐసీయూల్లో రక్తంలో దొరికేది ఎక్కువగా ట్రాపికాలిస్ రకం. ఏ రకమో తెలిస్తేనే ఏ మందు పనిచేస్తుందో తేల్చగలరు.

ఐసీయూ గడప తొక్కనివాళ్ళకు కూడా ఒక హెచ్చరిక. కాస్త నీరసంగా ఉంటే "ఒక గ్లూకోజు సీసా ఎక్కించండి" అని అడిగి మరీ ఎక్కించుకోవడం మన దగ్గర అలవాటు. ఆ ద్రవమో, గొట్టమో, సూదో కలుషితమైతే ఫంగస్ నేరుగా రక్తంలోకి వెళ్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కూడా ఒకే ఒక్క సీసాతో కంటి లోపల ఫంగస్ వాపు వచ్చిన సందర్భాలను మన దేశపు కంటి వైద్యులే వైద్య పత్రికల్లో నమోదు చేశారు. నోటితో మజ్జిగో, ఓఆర్ఎస్ నీళ్ళో తాగగలిగిన మనిషికి సీసా అక్కర్లేదు.

కన్నే ఎందుకు

రెటీనా వెనక కోరాయిడ్ అనే పొర ఉంటుంది. అది దాదాపు సన్నటి రక్తనాళాల అల్లికే. కంటికి వచ్చే రక్తంలో ఎక్కువ భాగం దానిలోనే ప్రవహిస్తుంది. రక్తంలో తిరిగే ఫంగస్ కణాలు ఆ సన్నటి నాళాల్లో చిక్కుకుని అక్కడే పెరుగుతాయి. మొదట కోరాయిడ్‌లో చిన్న తెల్లటి మచ్చ ఏర్పడుతుంది. అక్కడి నుంచి ముందున్న రెటీనాకు, రెటీనాను చీల్చుకుని విట్రియస్‌లోకి పాకుతుంది. విట్రియస్ అంటే కనుగుడ్డును నింపి ఉండే గుడ్డులోని తెల్లసొన వంటి జిగురు పదార్థం. అంతా కలిపితే 4 మి.లీ. ఉంటుంది. అందులో రక్తనాళాలు లేవు. అందువల్ల ఒంటి రక్షణ కణాలూ, మందులూ అక్కడికి తేలిగ్గా చేరవు. చేరిన ఫంగస్ తీరిగ్గా పెరుగుతుంది.

విట్రియస్‌లో అది దూది ఉండల్లా పేరుకుంటుంది. ఒక్కోసారి ఆ ఉండలు వరసగా ముత్యాల దండలా కనిపిస్తాయని డాక్టర్లు చెబుతారు. ఆ ఉండల నీడ రెటీనా మీద పడినప్పుడు రోగికి కళ్ళ ముందు చుక్కలు, దారాలు, ఈగలు, దోమలు తేలుతున్నట్టు ఉంటుంది. మా బావగారు తోలింది ఆ నీడలనే.

రెటీనా నడిమధ్యలో మాక్యులా అనే చిన్న చోటు ఉంటుంది. చదవడానికి, మొహాలు గుర్తుపట్టడానికి పనికొచ్చేది అదే. మచ్చ దానికి దూరంగా ఉంటే రోగికి ఏమీ తెలియకపోవచ్చు. దాని మీదే పడితే చూపు ఒక్కసారిగా తగ్గుతుంది. ఆస్పర్జిల్లస్ వంటి మరో ఫంగస్ అయితే మాక్యులాను తొందరగా దెబ్బతీస్తుంది.

ఎందుకు పొరపడతాం

ఈ జబ్బు లక్షణాలు వినడానికి మామూలుగా ఉంటాయి: చూపు మసక, కళ్ళ ముందు తేలే చుక్కలు, వెలుతురు చూడలేకపోవడం, కాస్త ఎరుపు, కాస్త నొప్పి. బాక్టీరియా వల్ల వచ్చినది గంటల్లో ముదురుతుంది కాబట్టి రోగి ఆసుపత్రికి పరిగెత్తుతాడు. ఫంగస్ అలా కాదు. రోజులు, వారాలు పడుతుంది. మొదట్లో నొప్పి లేకపోవచ్చు, కన్ను ఎర్రబడకపోవచ్చు. జ్వరం అప్పటికే తగ్గిపోయి ఉండవచ్చు. ఐసీయూలో మత్తులో, వెంటిలేటరు మీద ఉన్న రోగికైతే చూపు తగ్గిందని చెప్పే వీలే లేదు.

కళ్ళ ముందు చుక్కలు వయసు మీద పడినవారిలో చాలామందికి ఏ జబ్బూ లేకుండానే వస్తాయి. అందుకే వాటిని ఎవరూ పట్టించుకోరు. కానీ గత రెండు మూడు నెలల్లో ఆసుపత్రిలో పెద్ద చికిత్స జరిగిన మనిషికి కొత్తగా చుక్కలు వచ్చాయంటే దాన్ని వేరే కళ్ళతో చూడాలి. మనం వాయిదా ఒక్కరోజు దాటిన రుణ ఖాతాను కూడా ఎస్‌ఎంఏ-0గా గుర్తించి కనిపెట్టుకుని ఉంటాం కదా. ఖాతాకు చూపించే ఆ జాగ్రత్త నేను మనిషికి చూపించలేదు.

మూడు రోజుల తర్వాత కుడి కన్ను ఎర్రబడితే అక్క ఆయన్ని దగ్గర్లోని ఒక కంటి క్లినిక్‌కు తీసుకెళ్ళింది. షుగరు ఉందని చెప్పారు. "ఈమధ్య ఆపరేషన్ అయింది" అని కూడా అన్నారట. ఐసీయూ మాట, మెడలో గొట్టం మాట, చివర్లో తిరగబెట్టిన జ్వరం మాట వాళ్ళూ చెప్పలేదు, అవతలివారూ అడగలేదు. కంటి లోపల వాపు ఉందని స్టెరాయిడ్ చుక్కలు, మాత్రలు రాశారు. రెండు రోజులు హాయిగా అనిపించింది. ఎరుపు తగ్గింది. తర్వాత చూపు ఇంకా మసకబారింది.

ఇక్కడే అసలు చిక్కు. కంటి లోపలి వాపును యువైటిస్ అంటారు. అది చాలాసార్లు ఒంటి రక్షణ వ్యవస్థ పొరపాటు వల్ల వస్తుంది, దానికి స్టెరాయిడ్లే సరైన మందు. కారణం ఫంగస్ అయినప్పుడు అదే స్టెరాయిడ్ ఒంటి రక్షణను అణచి ఫంగస్‌కు మేలు చేస్తుంది. పైకి వాపు తగ్గినట్టుంటుంది, లోపల జబ్బు పెరుగుతుంది. రెండింటికీ తేడా పట్టించేది రోగి గత చరిత్ర. ఆ చరిత్ర చెప్పాల్సినవాళ్ళం మనమే.

అందుకోని రిపోర్టు

తేలే చుక్కలు ఎడమ కంట్లో కూడా మొదలయ్యాక, ఇంటికొచ్చిన 17వ రోజున, నేను సెలవు పెట్టి ఆయన్ని నగరంలోని పెద్ద కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రెటీనా డాక్టరుగారు చుక్కల మందు వేసి కనుపాపలు పెద్దవి చేసి, రెండు కళ్ళూ చాలాసేపు చూశారు. తర్వాత కంటి గురించి కాక మెడ గురించి అడిగారు. "ఇక్కడ లైన్ వేశారా? ఎన్ని రోజులు ఉంచారు? తీసేటప్పుడు జ్వరం ఉందా? బ్లడ్ కల్చర్ ఏం వచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. డిశ్చార్జి కాగితాలు అడిగారు. అసలు కాగితాలన్నీ మెడికల్ ఇన్సూరెన్సు క్లెయిము కోసం టీపీఏకి పంపేశాను. నేను జిరాక్సు తీయించుకున్నది బిల్లులు మాత్రమే. డబ్బు లెక్క ఉన్న ప్రతి కాగితానికీ నకలు ఉంది, జబ్బు సంగతి ఉన్న కాగితానికి లేదు.

ఆసుపత్రి లాబ్‌కు ఫోను చేస్తే పావుగంటలో రిపోర్టు నా ఫోనుకు వచ్చింది. 16వ రోజున జ్వరం తిరగబెట్టినప్పుడు మెడలో గొట్టం తీసేసి, రక్తం కల్చర్‌కు పంపారు. జ్వరం తగ్గింది, 19వ రోజున ఇంటికి పంపారు. ఆ తర్వాత రెండు రోజులకు రిపోర్టు తయారైంది: క్యాండిడా ట్రాపికాలిస్. మేము ఇంటికొచ్చేశాం కాబట్టి తీసుకున్నవాళ్ళు లేరు. అది 15 రోజులుగా అక్కడే ఉంది. తర్వాత డిశ్చార్జి సమ్మరీ నకలు తెప్పించి చూస్తే చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఒక వరస ఉంది: బ్లడ్ కల్చర్ రిపోర్టు రావాల్సి ఉంది.

బ్రాంచిలో రోజు ముగిసేసరికి పెండింగ్ ఎంట్రీ ఒక్కటి మిగిలినా అది తేలేదాకా నేను ఇంటికి వెళ్ళను. ఆ కాగితం మీద పెండింగ్ అని రాసి ఉన్నా నాకు కనబడలేదు. ఆసుపత్రివారు ఫోను చేసి చెప్పాల్సింది, నిజమే. కానీ నేను అడిగినా సరిపోయేది.

బ్లడ్ కల్చర్ గురించి ఒక్క మాట. రక్తాన్ని ప్రత్యేకమైన సీసాల్లో ఉంచి సూక్ష్మజీవి పెరుగుతుందేమో చూసే పరీక్ష ఇది. ఫలితం గంటల్లో రాదు. మొదటి సూచన రావడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో తేలడానికి ఇంకా సమయం కావాలి. ఈలోపు రోగి కాస్త కోలుకుంటే డిశ్చార్జి అవుతాడు. ఇంకో సంగతి, రక్తంలో క్యాండిడా ఉన్నా కల్చర్‌లో దొరకనిది సుమారు సగం సందర్భాల్లో. కాబట్టి రిపోర్టులో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన అనుమానం వదిలేయకూడదు.

చికిత్స ఎలా జరుగుతుంది

రక్తంలో క్యాండిడా అంటే ముందు ప్రాణానికే ముప్పు. దీని బారిన పడినవారిలో మూడో వంతు, అంతకు పైగా చనిపోయినట్టు ఎన్నో అధ్యయనాలు చెబుతున్నాయి. అందుకే రెటీనా డాక్టరుగారు ముందుగా ఫిజీషియన్‌ను పిలిపించారు. రక్తం మళ్ళీ కల్చర్‌కు పంపారు. గుండె కవాటాల మీద ఫంగస్ చేరిందేమో చూడటానికి ఎకో తీశారు. అదృష్టవశాత్తూ అక్కడ ఏమీ లేదు.

కంటికి మందు ఎంచుకోవడంలో ఒక మెలిక ఉంది. రక్తంలోని క్యాండిడాకు ఇప్పుడు మొదటగా ఇచ్చేది ఎకినోక్యాండిన్ జాతి మందులు, ఉదాహరణకు క్యాస్పోఫంజిన్, మైకాఫంజిన్. రక్తంలో ఇవి బాగా పనిచేస్తాయి కానీ కంటి లోపలికి సరిగా చేరవు. ఫ్లుకోనజోల్, వోరికోనజోల్ చేరతాయి. అంటే కంట్లో జబ్బు ఉందని తెలియకపోతే, రక్తానికి సరైన మందే ఇస్తున్నా కన్ను పోవచ్చు. కంటి పరీక్ష అవసరం ఇక్కడ తెలుస్తుంది.

బావగారి ఎడమ కంట్లో మచ్చలు చిన్నవి, మాక్యులాకు దూరంగా ఉన్నాయి, విట్రియస్ దాకా రాలేదు. దానికి ఒంటికి ఇచ్చే మందే చాలన్నారు. కుడి కంట్లో విట్రియస్ నిండా ఉండలు కట్టాయి. విట్రెక్టమీ అనే ఆపరేషన్ చేసి, ఫంగస్‌తో నిండిన ఆ జిగురును తొలగించారు. అందులో కొంత పరీక్షకు పంపారు. కంటి లోపలికే ఫంగస్ మందు ఇంజెక్షన్ ఇచ్చారు. ఇలా కంట్లోకి ఇచ్చే యాంఫోటెరిసిన్ మోతాదు 5 నుంచి 10 మైక్రోగ్రాములే, అంటే ఒక మిల్లీగ్రాములో నూరో వంతు, అంతకన్నా తక్కువ. వోరికోనజోల్ అయితే 100 మైక్రోగ్రాములు. ఎక్కువైతే రెటీనాకే దెబ్బ.

తర్వాత ఫ్లుకోనజోల్ మాత్రలు. కంట్లో క్యాండిడా ఉంటే కనీసం 4 నుంచి 6 వారాలు మందు వాడాలి. మచ్చలు పూర్తిగా మానాయని డాక్టరు చూసి చెప్పేదాకా ఆపకూడదు. చూపు బాగుందని మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

షుగరు ఉన్నవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఫ్లుకోనజోల్ వాడుతున్నప్పుడు గ్లిమిపిరైడ్, గ్లిపిజైడ్ వంటి షుగరు మాత్రల ప్రభావం పెరుగుతుంది. ఒక సాయంత్రం బావగారికి చెమటలు పట్టి, చేతులు వణికాయి. అక్క వెంటనే మీటరుతో చూస్తే 58 ఉంది. పంచదార నీళ్ళు తాగించి డాక్టరుకు ఫోను చేస్తే షుగరు మాత్ర మోతాదు తగ్గించారు. రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్‌తో కూడా ఇలాంటి ఇబ్బందే ఉంది. కాబట్టి వాడుతున్న ప్రతి మాత్ర పేరూ కంటి డాక్టరుకు చెప్పాలి. లివరు పరీక్షలు కూడా మధ్యమధ్యలో చేయించాలి.

కంటి పరీక్ష ఎవరికి

రక్తంలో క్యాండిడా బయటపడిన రోగులందరికీ చికిత్స మొదలైన మొదటి వారంలోనే కనుపాపలు పెద్దవి చేసి కంటి పరీక్ష చేయించాలని అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. తెల్లకణాలు బాగా తగ్గిపోయినవారికైతే అవి కోలుకున్నాక చూడాలంది. లక్షణాలేమీ లేనివారందరికీ ఈ పరీక్ష అవసరం లేదని అక్కడి కంటి వైద్యుల అకాడమీ తర్వాతి కాలంలో అభిప్రాయపడింది. ఇప్పుడు మందులు త్వరగా మొదలవుతున్నందువల్ల జబ్బు కంటి లోపలి జిగురు దాకా వెళ్ళేది కొద్దిమందిలోనే అని వాళ్ళ వాదన. నిపుణుల మధ్య ఈ చర్చ ఎలా ఉన్నా, ఒక విషయం గుర్తుంచుకోవాలి: కంట్లో ఏ కొత్త లక్షణం కనిపించినా, లేదా రోగి తన చూపు గురించి చెప్పలేని స్థితిలో ఉన్నా, పరీక్ష చేయాల్సిందే.

మనం చేయగలిగింది

ఇంట్లో ఎవరైనా ఐసీయూ నుంచి వచ్చినప్పుడు ఈ పనులు ఎవరైనా చేయవచ్చు. వైద్యం తెలియనక్కర్లేదు.

డిశ్చార్జి రోజున బిల్లు కట్టే హడావుడిలోనే ఒక ప్రశ్న అడగండి: "ఇంకా రావాల్సిన రిపోర్టులు ఏమైనా ఉన్నాయా? ఎప్పుడు వస్తాయి? ఎవరిని అడగాలి?" జవాబు కాగితం మీద రాసుకోండి. ఆ తేదీన ఫోను చేయండి.

క్లెయిముకు అసలు కాగితాలు పంపే ముందు డిశ్చార్జి సమ్మరీ ప్రతి పేజీ, ప్రతి లాబ్ రిపోర్టు ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి.

రెండు మూడు నెలల పాటు వారానికి రెండుసార్లు రోగి చూపు మీరే పరీక్షించండి. ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో కంటితో గోడమీది క్యాలెండరు చదివించండి. తర్వాత రెండో కన్ను. రెండు కళ్ళూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పేస్తుంది.

కొత్తగా మసక, తేలే చుక్కలు, ఎరుపు, వెలుతురు పడకపోవడం కనిపిస్తే అదే రోజు, కాకపోతే మర్నాడు, రెటీనా నిపుణుడి దగ్గరకు వెళ్ళండి. కళ్ళజోడు దుకాణంలో పవరు మార్పించుకుని ఊరుకోవద్దు. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి వంటివి మనకు అందుబాటులోనే ఉన్నాయి.

డాక్టరు ఎదుట కూర్చోగానే ముందు ఈ మాట చెప్పండి: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఆసుపత్రిలో ఉన్నారు, ఐసీయూలో ఇన్ని రోజులు, మెడలో లైన్ వేశారు, షుగరు ఉంది." స్టెరాయిడ్ రాస్తే, "ఇది ఇన్‌ఫెక్షన్ అయ్యే అవకాశం ఉందా?" అని మర్యాదగా అడగండి. అడిగితే ఏ మంచి డాక్టరూ కోపగించుకోరు.

ఇప్పటికి ఏడాది దాటింది. బావగారి ఎడమ కంటి చూపు 6/9. ఆ కంటితోనే పేపరు చదువుతారు. కుడి కన్ను 6/36 దగ్గర ఆగిపోయింది. ఆ కంటితో చూస్తే మనిషి వచ్చినట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. ముందే వచ్చి ఉంటే ఎంత మిగిలేదని నేను డాక్టరుగారిని అడిగాను. "కచ్చితంగా చెప్పలేం. ఎక్కువే మిగిలేది" అన్నారు.

బావగారు నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు వరండాలో కుడివైపు నుంచి వచ్చి పక్కన కూర్చుంటే తల పూర్తిగా ఇటు తిప్పి చూసి, "నువ్వా మేనేజరూ" అన్నారు. అప్పటి నుంచి ఆయన ఎడమవైపే కూర్చుంటున్నాను.